వేలాడే కొస

ధర్మవరం,
2 మార్చి 2025.

చంద్రమోహన్ అన్నకు సునంద రాసుకునేది.

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తితే వదిన ఎత్తుతుంది, "డ్యూటీలో ఉండాడమ్మా" అని పెట్టేస్తుంది. రైల్వేవాళ్ళు మొత్తం గుంతకల్లు డ్యూటీ నీ ఒక్కడి చేతనే చేయిస్తున్నారేమో అనిపించింది. నిన్న మీ ఆఫీసు చౌడప్ప లైను పని మీద వచ్చి, అటే మా ఇంటికి వచ్చి, "ఏమన్నా ఉంటే కాగితం మీద రాసియ్యమన్నాడు అన్న. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నేను తీసకపోతా" అన్నాడు. నాయన పోయినప్పుడు బంధువులకు కార్డులు రాశాక మళ్ళీ కలం పట్టింది ఇప్పుడే. చేతిరాత చూసి నవ్వొద్దు.

పని సంగతి ముందు. రెండు మగ్గాలకూ చిల్లుల డిజైను అట్టలు తీసేసి కరెంటు జకార్డులు పెట్టించాము. కంప్యూటర్లో గీసిన డిజైను వైరు గుండా మగ్గానికి పోతుంది. డిజైన్లకు ఒక కంప్యూటరు, బిల్లులకు ఒకటి, గోడకు ఒక కెమెరా, ఇంటర్నెట్ డబ్బా. ఈ వైర్లన్నీ వచ్చి చేరడానికి నెట్‌వర్క్ స్విచ్చు కావాలట. అనంతపురం కొట్టులో వాడు రెండు పెట్టెలు ముందర పెట్టి, "ఇంటికా మేడమ్, వ్యాపారానికా?" అని అడిగాడు. నువ్వే చెప్పు, మనది ఏమిటి? మగ్గం గుంతలోనుంచి చెయ్యి చాస్తే పొయ్యి మీది చారు గిన్నె అందుతుంది. నాయన ఆ గుంతలో కూర్చునే అన్నం తిన్నాడు, అక్కడినుంచే మన చేత ఎక్కాలు ఒప్పచెప్పించుకున్నాడు. ఇల్లనాలా, వ్యాపారమనాలా? "మా అన్నను అడిగి వస్తానప్పా" అని తిరిగి వచ్చేశాను.

ఇక అసలు సంగతి. మా హర్ష నిశ్చితార్థం రోజు నేనన్న మాట నీ మనసులో ఉండిపోయింది. నువ్వు పెళ్ళికూతురివాళ్ళకు కథలు చెబుతూ ఇల్లెగిరిపోయేట్టు నవ్వుతుంటే అందరి ముందరా "కొంచెం గొంతు తగ్గించన్నా" అన్నాను. ఆ తర్వాత నువ్వు నోరు విప్పలేదు. తిని, బండెక్కి పోయావు. మూడు వారాలైంది. నాదే తప్పు. మగ్గాల చప్పుడు మీద మాట్లాడి పెరిగినవాళ్ళం, మనకు చిన్న గొంతు ఎక్కడిది? మే నెలాఖరుకు పెళ్ళి. మేనమామ మూతి ముడుచుకుని కూర్చుంటే ఆ పెళ్ళి నాకు పెళ్ళి కాదు. కాగితం మీదైనా నాలుగు తిట్లు తిట్టు. ఆ తర్వాత వచ్చి, ఆ స్విచ్చేదో నీ చేత్తో పెట్టి, నాతో మాట్లాడు.

నీ చెల్లెలు
సునంద


గుంతకల్లు,
9 మార్చి.

అమ్మా సునందా,

నీ చేతిరాత చూసి నేను నవ్వలేదు, మీ వదిన నవ్వింది. కావాలంటే ఆమెతో తేల్చుకో.

స్విచ్చు పని ఒకటే. వచ్చిన మాట ఎవరికి చెందాలో వాళ్ళకే అందించడం. అది ఇంటిదైనా చేస్తుంది, వ్యాపారానిదైనా చేస్తుంది. ఇంటిది చిన్న ప్లాస్టిక్ పెట్టె. వైర్లు గుచ్చితే చాలు, పని మొదలు. దానికి నేర్పేదీ లేదు, అది మనకు చెప్పేదీ లేదు. చెడిపోయినా చెప్పదు, ఊరికే లైట్లు ఆరిపోతాయి.

వ్యాపారానిది ఇనుప డబ్బా. మా స్టేషన్లలో అన్నీ అవే, ముప్పై ఏళ్ళుగా వాటి మధ్యే ఉన్నాను. బిల్లుల కంప్యూటరునూ డిజైన్ల కంప్యూటరునూ ఒకదానికొకటి కనబడకుండా విడదీయవచ్చు. చీరలు చూడవచ్చినవాడు నీ వైఫై పట్టుకుని నీ డిజైను ఎత్తుకుపోలేడు. కెమెరాకు కరెంటు కూడా ఆ వైరులోనే పంపుతుంది. ఎక్కడ తేడా వచ్చినా తానే కనిపెట్టి ఆ ఒక్క రంధ్రాన్నే మూసేస్తుంది, మిగతావి నడుస్తాయి. అయితే ఎవరో ఒకరు వచ్చి రెండు రోజులు కూర్చుని దానికి ఇవన్నీ నేర్పాలి. మీకు నోటితో వివరించాలి. అట్లా నేర్పేవాడు లేకపోతే ఆ ఇనుప డబ్బాకూ ప్లాస్టిక్ పెట్టెకూ తేడా బరువులోనే.

అందుకని మీకు ఇంటిది చాలు. ఎనిమిది రంధ్రాలది తీసుకో. పొయ్యి వేడీ పట్టు నూగూ తగలకుండా ఎత్తున గోడకు కొట్టించు. ఆరు రంధ్రాలు నిండుతాయి. ఏడో దాంట్లో ఒక పొడుగు వైరు పెట్టి, దాని రెండో కొస కిందికి వేలాడనీ. ఎవరైనా బాగు చేయడానికి వస్తే నిచ్చెన ఎక్కే పని లేకుండా ఆ కొసను తన కంప్యూటరుకు పెట్టుకుంటాడు. ఎనిమిదోది ఖాళీ. కింద పటం వేశాను, గోడకు అంటించుకో.

కోపమా నాకా? గొంతులో దుమ్ము పట్టింది, అందుకే ఫోన్ ఎత్తడం లేదు. బావను అడిగానని చెప్పు.

అన్న
చంద్రమోహన్


ధర్మవరం,
20 మార్చి.

అన్నా,

నువ్వు చెప్పిన ప్లాస్టిక్ పెట్టే తెచ్చి, నీ పటం చూసి పెట్టించాము. మూడు రోజులుగా నడుస్తోంది. కష్టం లేదు. మనసులోనే ఉంది కష్టం, చెప్పేస్తాను.

గుంతకల్లు రైల్వేకు ఇనుప డబ్బాలు, మాకు ప్లాస్టిక్ పెట్టె. నీ కళ్ళకు ఇది వ్యాపారంలా కనబడలేదు, కదా? నువ్వు ఉద్యోగానికి పోతే నాయన మగ్గాలు ఆగకూడదని నేను పెళ్ళి చేసుకుని కూడా ఈ గడప దాటలేదు. మీ బావ పొరుగూరినుంచి ఇల్లటం వచ్చి, రంగు తొట్ల దగ్గర చేతులు కాల్చుకుంటున్నాడు. వచ్చే నెల తొమ్మిదో తేదీ బెంగళూరు కొట్టువాళ్ళు కెమెరాలో మన మగ్గాలు నడిచేది చూస్తారట. నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ళకే నేయాలి. ఇంత జరుగుతుంటే మా అన్న "మీకు ఇంటిది చాలు" అన్నాడు. మీ బావకు చదివి వినిపించాను. "నిజమే కదా, ఇల్లే కదా" అన్నాడు. ఆయనకు ఎప్పుడు పౌరుషం వచ్చింది గనక.

ఇంకొకటి. "ఎవరైనా బాగు చేయడానికి వస్తే" అని రాశావు. "నేను వస్తే" అని రాయలేదు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. గొంతులో దుమ్మట. అనంతపురం జిల్లాలో దుమ్ము లేని గొంతు ఎవరిది? అది నిశ్చితార్థం నాటి దుమ్మని నాకు అర్థమైందిలే.

మన మగ్గం నేసే ఓబులేసుకు నీ పటం అస్సలు నచ్చలేదు. వాడు మగ్గం మీదనుంచి తల ఎత్తినప్పుడల్లా ఆ వేలాడే కొస కంటికి కనబడుతుందట. "తెగిన పోగు వేలాడతాంటే చెయ్యి ఊరుకోదక్కా. అదేం పని, సగం కట్టి సగం వదిలేసేది?" అంటాడు. మా అన్న రైల్వే మనిషిరా, ఆయన చెప్పింది చెప్పినట్టు ఉంచు అన్నాను.

ఉగాదికి వస్తావా? ఒక్క మాటలో రాయి.

సునంద


గుంతకల్లు,
28 మార్చి.

సునందా,

ఉగాదికి రాలేను. పని మీద బెంగళూరు పోతున్నాను, మూడు వారాలు పట్టవచ్చు. మీ వదిన కూడా వస్తుంది. చౌడప్ప దగ్గర నా కోసం ఉత్తరం ఇస్తే దాచిపెడతాడు.

నీది వ్యాపారం కాదని నేను అనలేదు. నాయన నేసిన చీరలు మోసుకుని అమ్మ వెంట వీధులు తిరిగినవాణ్ణి నేను, అది వ్యాపారం కాదని ఎట్లా అంటాను? ఇంటిది చాలనడానికి వేరే కారణం ఉంది. ఎప్పుడైనా చెబుతాను.

హర్ష పెళ్ళికి వస్తాను. ఇది మాట.

నీతో ఒక పని ఉంది. మన ఇంటి చప్పుడు ఒక అయిదు నిమిషాలు ఫోన్‌లో పట్టి పంపు. రెండు మగ్గాలూ ఆడుతుండాలి, ఓబులేసు తిడుతుండాలి, నువ్వు వాడి మీద అరుస్తుండాలి. తొమ్మిదో తేదీలోపల పంపితే మంచిది. ఎందుకని అడగొద్దు. తినబుద్ధి కావడం లేదు, మజ్జిగ మీదే ఉన్నాను, అటువంటప్పుడు మనిషికి పిచ్చి కోరికలు పుడతాయి.

అన్న


ధర్మవరం,
12 ఏప్రిల్.

చంద్రమోహన్ గారికి,

ఇట్లా రాయాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

తొమ్మిదో తేదీ ఉదయం పదిన్నరకు బెంగళూరువాళ్ళు చూస్తామన్నారు. పదీ ఇరవైకి నువ్వు చెప్పిన పెట్టె మీది లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చి పట్టినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. కెమెరా పోయింది. బిల్లుల కంప్యూటరు పోయింది. మగ్గాలకు డిజైను అందక జకార్డులు మధ్యలో నిలబడిపోయాయి. తీసి పెట్టాము, ఆపి వేశాము, మళ్ళీ అదే. నీకు పద్నాలుగుసార్లు ఫోన్ చేశాను. లెక్కపెట్టాను. పదిహేనోసారి వదిన ఎత్తి, "ఇప్పుడు కాదు సునందా, ఇప్పుడు కాదు" అని పెట్టేసింది. వెనకాల ఎవరెవరో మాట్లాడుతున్నారు. బెంగళూరులో ఏ పెద్ద మనుషుల మధ్య కూర్చున్నావో, చెల్లెలి ఫోన్ ఎత్తడానికి తీరిక లేదు.

బెంగళూరువాళ్ళు పన్నెండింటిదాకా చూసి, "మళ్ళీ చెప్తామమ్మా" అన్నారు. మళ్ళీ చెప్పరు, నాకు తెలుసు. ఓబులేసు తిండి తినకుండా ఇంటికి పోయాడు. మీ బావ రంగు చేతులతోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఒక్క మాట అన్నందుకు రెండు నెలల శిక్ష. గొంతు తగ్గించమన్నాను, నువ్వు పూర్తిగా ఆపేశావు. అట్లాగే కానీ. ఇక నీ గొంతు నాకు వినిపించనక్కర్లేదు. అది లేకుండా బతకడం నేర్చుకుంటాను. చప్పుడు పంపమన్నావు, పంపలేదు. పంపను.

సునంద


గుంతకల్లు,
27 ఏప్రిల్.

అమ్మా సునందా,

నిన్ననే వచ్చాము. చౌడప్ప నీ ఉత్తరం ఇచ్చాడు.

ముందు వైరు సంగతి. నిచ్చెన వేసుకుని చూడు. ఏడో రంధ్రంలోనుంచి వేలాడుతున్న వైరు రెండో కొస ఇప్పుడు ఎనిమిదో రంధ్రంలో ఉంటుంది. అది ఓబులేసు పని. వాణ్ణి తిట్టొద్దు. పెద్దవాళ్ళు చూడబోతున్నారు కదా అని కంటికి అడ్డంగా ఉన్న కొసను శుభ్రంగా కట్టేసి ఉంటాడు. మగ్గం మనిషి చేయి వేలాడే కొసను ఓర్చదు, ఆ సంగతి నేను మరిచిపోయాను, తప్పు నాదే. ఒకే వైరు రెండు కొసలూ ఒకే పెట్టెలో పెడితే, పంపిన మాట తిరిగి దానికే వస్తుంది, మళ్ళీ పంపుతుంది, మళ్ళీ వస్తుంది. క్షణాల్లో వైర్లన్నీ ఆ ఒక్క మాటతోనే నిండిపోయి ఇంకెవరి మాటకూ దారి ఉండదు. ఇంటి పెట్టెకు అది తెలియదు. వ్యాపారానిదైతే కనిపెట్టి ఆ రంధ్రాన్ని మూసేసేది. ఆ కొసను ఊడబెరుకు, అంతా నడుస్తుంది.

ఇక రెండోది. కూర్చుని చదువు, బావను పక్కన ఉంచుకో.

తొమ్మిదో తేదీ పదిన్నరకు నేను ఆపరేషన్ బల్ల మీద ఉన్నాను. గొంతులో గడ్డ. మంచి గడ్డ కాదు. మాట పెట్టె మొత్తం తీసేశారు. మెడలో ఒక రంధ్రం పెట్టారు, దానిలోనుంచే ఊపిరి. గడ్డ అంతా వచ్చేసిందంటున్నారు, బతుకుతాను. మాట రాదు. తర్వాతెప్పుడో ఏదో బిళ్ళ పెడితే గరగరమని కొంత పలుకుతుందట, చూద్దాం. నీ ఫోన్ వచ్చినప్పుడు మీ వదిన ఆ తలుపు ముందర నిలబడి ఉంది. ఆమె మీద కోపం పెట్టుకోవద్దు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే. చెబితే నువ్వు పెళ్ళి ఆపేస్తావని నాకు తెలుసు.

ఇంటిది చాలని ఎందుకన్నానంటే, వ్యాపారానిది పెడితే నేను వచ్చి రెండు రోజులు కూర్చుని నోటితో వివరించాలి. మార్చికే గుసగుస తప్ప రావడం లేదు. వస్తే నీకు తెలిసిపోతుంది. ఎవరూ నేర్పనక్కర్లేనిది ఇంటిదే కదా, అందుకని అది చెప్పాను. నీ బెంగళూరు పని నా దాపరికం వల్ల పోయింది. అది మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ముప్పై ఏళ్ళు బీడీలు కాల్చాను. ఎవరినీ అనేది లేదు.

అన్న
చంద్రమోహన్


ధర్మవరం,
5 మే.

అన్నా,

నీ ఉత్తరం చేతిలో పడ్డ రోజే రైలెక్కి వచ్చాను. మూడు రోజులు నీ పక్కన కూర్చుని నేనే మాట్లాడాను, నువ్వు హర్ష చిన్నప్పటి పలక మీద జవాబులు రాశావు. అన్నీ చెప్పాను. ఒకటి చెప్పలేక వచ్చేశాను. నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేదు, కాగితం మీద రాస్తున్నాను.

ఇంటికి వచ్చి నీ గొంతు కోసం వెతికాను. నా ఫోన్‌లో ఒక్కటి లేదు. నువ్వు పంపే వాయిస్ మెసేజ్‌లు విని, చోటు చాలదని తుడిచేసేదాన్ని. ఎప్పుడంటే అప్పుడు వినబడే గొంతు, దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? మీ బావ ఫోన్ వెతికాను. హర్షను అడిగాను. చివరికి నిశ్చితార్థం వీడియోలో దొరికింది. పట్టు చొక్కాలో నువ్వు, పెళ్ళికూతురి నాయనకు మనిద్దరం పడుగు మీద దూకి దెబ్బలు తిన్న కథ చెబుతున్నావు. "నాయన ఆ పొద్దు కండె ఎత్తుకోని ఇసిరినాడు సామీ, దీనికి తగల్లా, నాకు తగిలింది" అని నవ్వుతున్నావు. నలభై సెకన్లు ఉంది అది. ఆ తర్వాత నా గొంతు వస్తుంది. "కొంచెం గొంతు తగ్గించన్నా." నువ్వు తెరిచిన నోరు మూసి, తల ఊపి, కూర్చున్నావు. ఆ తర్వాత గంటన్నర వీడియోలో నీ మాట ఒక్కటి లేదు.

అన్నా, నీ గొంతు ఈ లోకంలో మిగిలింది నలభై సెకన్లు. దాని చివర ఆపమన్నది నేను. పన్నెండో తేదీ ఉత్తరంలో నీ గొంతు వినిపించనక్కర్లేదని రాసింది కూడా నేనే. అప్పటికి మూడు రోజుల ముందే దాన్ని తీసేశారు. నాకు ఇది ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వంట చేస్తుంటే, పోగు పడుతుంటే, అదే నా చెవిలో తిరుగుతోంది. పెళ్ళి పనులు మీ బావే చూస్తున్నాడు.

నువ్వడిగిన చప్పుడు నిన్న పట్టి పంపాను. ఓబులేసు తిట్టలేదు, నేను అరవలేదు. ఒట్టి మగ్గాలే ఉన్నాయి అందులో. ఆ కొసను ఊడబెరికినప్పటినుంచి వాడు దాని వైపు చూడడు.

నీ చెల్లెలు
సునంద


గుంతకల్లు,
9 మే.

అమ్మా సునందా,

చప్పుడు విన్నాను. ఎడమ మగ్గంలో పోగును కొట్టే పలక కొంచెం వదులైంది, చీల బిగించుకోమని ఓబులేసుకు చెప్పు.

ఆ వీడియో హర్ష నాకూ పంపాడు. నువ్వొకసారి మళ్ళీ పెట్టి, నీ మాట వైపు కాకుండా నా వైపు చూడు. కథ ఇంకా అయిపోలేదు. నాయన మనిద్దరినీ గుంతలో కూర్చోబెట్టి బెల్లం పెట్టిన ముక్క మిగిలే ఉంది. అది చెప్పబోతే గొంతులో ఏదో జారిపోయింది. నీ మాటకంటే ఒక క్షణం ముందే నేను చెయ్యి గొంతు మీద పెట్టుకున్నాను, కనబడుతుంది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంటినిండా కొత్త చుట్టాలు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. భయం వేసింది. అప్పుడే నువ్వు, గొంతు తగ్గించన్నా అన్నావు. చెల్లెలు కోప్పడింది, అన్న ఊరుకున్నాడు అని అందరూ నవ్వి వదిలేశారు. పరువుగా కూర్చున్నాను. ఆ రోజు నన్ను కాపాడింది నీ మాటే. ఇది నీకు అప్పుడే చెప్పి ఉంటే ఇన్ని ఉత్తరాలు ఉండేవి కావు. నాకు చెప్పడం రాలేదు, గొంతు ఉన్నప్పుడు కూడా.

కథ చివరి ముక్క నీకు తెలుసు. పెళ్ళిలో పెళ్ళికూతురి నాయనకు నువ్వే చెప్పు. గట్టిగా చెప్పు.

బుధవారం చౌడప్పతో కలిసి వస్తున్నాను. వ్యాపారానిదే తెస్తున్నాను, ఇనుప డబ్బా. రెండు రోజులు కూర్చుని దానికి అన్నీ నేర్పుతాను, నీకు పలక మీద రాసి చూపిస్తాను. బెంగళూరువాళ్ళకు ఇంకోసారి ఫోన్ చేసి చూడు, ఒప్పుకుంటే మళ్ళీ చూడనీ. ఓబులేసును బాధపడొద్దను. అయితే ఆ ఏడో వైరు కొసను మాత్రం అట్లాగే వేలాడనిమ్మను. అది తెగిన పోగు కాదు. నేను వచ్చి పట్టుకుంటాను.

అన్న
చంద్రమోహన్